గరిజెల కింది మాంసం

బత్తాయి రసం పొయ్యి మీద పెడితే చేదెక్కుతుంది. ఈ సంగతి తెలియక మొదటిసారి చేసేవాళ్ళు పాకమంతా పారబోసుకుంటారు. గింజ ఒక్కటి నలిగినా, తొక్క లోపలి తెల్ల పొర కాస్త దిగినా అంతే, ఎంత బెల్లం వేసినా ఆ చేదు నాలుకను వదలదు. తొనలు ఒలిచి, గింజలు తీసి, అరచేతిలో మెల్లగా పిండాలి. గిన్నెలో ముందు బెల్లం కరగనిచ్చి, ఆ తర్వాతే రసం పోయాలి. ఇదంతా నాకు నేర్పింది మా అక్క. పంది మాంసం మీద బత్తాయి పాకం పూసి కాల్చడం అసలు కనిపెట్టిందే ఆమె. అలాంటిది, మిర్యాలగూడలో అత్తగారి ముందు నిలబడి తనకు ఆ వాసనే పడదని అన్నది. ఆ రోజు వచ్చిన కోపం నాకు ఇంకా తగ్గలేదు. తగ్గించుకోవాలని నేను ప్రయత్నం చేయడం కూడా లేదు.

మా నాయన త్రిపురారం దగ్గర ఒక ఆసామి బత్తాయి తోటకు కాపలా ఉండేవాడు. తోటలోనే రేకుల కొట్టంలో మా సంసారం. చెట్టు మీది కాయ ఆసామిది, నేల మీద రాలింది మాది. రాలిన కాయ పూర్తిగా పండి ఉండదు, కొంచెం తీపి, బోలెడు పులుపు. వాటినే తిని పెరిగాం మేమిద్దరం. చేతిలో నాలుగు పైసలు ఆడినప్పుడు నాయన మిర్యాలగూడ నుంచి సీమ పంది మాంసం తెచ్చేవాడు. మా చుట్టాలందరికీ అది మామూలు తిండే. తినని వాళ్ళు ఉంటారని, తినేవాళ్ళ పక్కన కూర్చోవడానికి కూడా ఇష్టపడరని బడికి పోయాకే తెలిసింది. బడిలో అన్నం తినేటప్పుడు అక్క డబ్బా మూతను అడ్డం పెట్టుకుని తినేది. నేను పెట్టుకునేదాన్ని కాదు. ఏం కూర అని అడిగితే చెప్పేదాన్ని, ముక్కు మూసుకుంటే కొట్టేదాన్ని.

ఒక రోజు అమ్మ పత్తి ఏరడానికి పోతూ మాంసం వండే పని అక్కకు అప్పజెప్పింది. చూస్తే ఇంట్లో చింతపండు లేదు. పులుపు తగలకపోతే నాయన ముద్ద మింగడు. అక్క కాసేపు అటూ ఇటూ చూసి, మూలనున్న రాలుడు కాయలు పిండి, బెల్లం కలిపి చిక్కగా కాచి, కాలుతున్న మాంసం మీద పోసేసింది. అమ్మ వచ్చి నెత్తి కొట్టుకుంది.

"మాంసంల బెల్లమేందే, నీకేమన్న పిచ్చి లేసిందా" అని చీపురు కూడా అందుకుంది.

నాయన మాత్రం ఒక ముక్క నోట్లో వేసుకుని, ఇంకో ముక్క తీసుకుని, గిన్నెను తన దగ్గరికి జరుపుకున్నాడు. అమ్మ చీపురు కింద పెట్టి తనూ ఒక ముక్క తీసుకుంది. ఆ తర్వాత మా ఇంట్లో మాంసం వచ్చిందంటే అది అక్క వంటే.

తోలుతో ఉన్న పెద్ద తొడ ముక్క కావాలి. తోలు మీద కత్తితో గాట్లు పెట్టి, ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి, మందపాటి ఇనుప మూకుడులో ఉంచి, పైన మూత బోర్లించి ఆ మూత మీద కూడా నిప్పులు పోయాలి. కింద సెగ సన్నగా ఉండాలి. కొవ్వు కరిగి, దాంట్లోనే అది వేగుతుంది. మెత్తబడ్డాక మూత తీసి, ఉల్లాకు కట్టను పాకంలో ముంచి పూయాలి. అంతా ఒకేసారి పూస్తే బెల్లం మాడిపోతుంది. పూసి, ఇంకనిచ్చి, మళ్ళీ పూయాలి. నాకు అంత ఓపిక ఎక్కడిది? నేను గబగబా పూస్తుంటే అక్క నా చేతి మీద కొట్టేది. "ఆగవే. అది తాగినంకనే ఇంకోసారి వెయ్యాలె" అనేది. పాకం ముదిరి తోలు ఎర్రగా మెరిసేదాకా ఆమె పొయ్యి ముందు నుంచి లేచేది కాదు.

నాయన పోయాక తోట వదిలేసి అమ్మ పుట్టిన ఊరు కోదాడకు వచ్చేశాం. అమ్మ కూలికి పోయి ఇద్దరినీ చదివించింది. నాకు చదువు అంతంతమాత్రం. సూర్యాపేటలో ఒక బట్టల దుకాణంలో కుదురుకున్నాను. అక్క నర్సింగ్ చేసి, అదే సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖానలో చేరింది. తండ్రిని వైద్యానికి తీసుకువచ్చిన మిర్యాలగూడ అబ్బాయి ఒకాయన ఆమెను ఇష్టపడ్డాడు. పొలాలు, బియ్యం మిల్లులో వాటా ఉన్న ఇల్లు వాళ్ళది. మొదట వద్దన్నారు, తర్వాత సరేనన్నారు. పెళ్ళి బాగానే జరిగింది. బావ మంచివాడు, మిల్లు పని మీద ఎప్పుడూ తిరుగుతూ ఉంటాడు. అత్తగారు కూడా నోటి దురుసు మనిషి కాదు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే చాలా రోజులు నేను తప్పంతా ఆమెదే అనుకున్నాను.

పెళ్ళయ్యాక అక్క కోదాడ రావడం తగ్గింది. వచ్చినా పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోయేది. కడుపుతో ఉందని తెలిసినప్పటి నుంచి అమ్మ కాలు నేల మీద నిలవలేదు. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలని అమ్మ పట్టుదల. గోడలకు సున్నం వేయించింది. మంచం నులక మార్పించింది. బాలింతకు చలిగాలి తగలకుండా కిటికీకి కొత్త తలుపు పెట్టించింది. ఎప్పుడు తీసుకురమ్మంటావని ఫోన్‌లో అడిగితే అక్క ఒకటే చెప్పేది: "మా అత్తమ్మ వాళ్ళు పంపేటట్టు లేరమ్మ. జర ఆగు, నేనే మెల్లగ మాట్లాడత." అమ్మ ఆగింది. పెద్దింటి వాళ్ళు, వాళ్ళకూ పట్టింపులు ఉంటాయి కదా అని తనకు తనే సర్ది చెప్పుకుంది. నేను మాత్రం ఆ అత్తగారిని దుకాణంలో చీర మడత పెట్టినప్పుడల్లా తిట్టుకునేదాన్ని.

ఏడో నెలలో ఒక మధ్యాహ్నం అక్క నుంచి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. గొంతు తగ్గించి మాట్లాడింది.

"చెల్లె, పక్కన ఎవ్వరు లేరని చెప్తున్న. నాకు మన తోట కాడి మాంసం మీద మనసు పోతుందే. ఇంకేం తిన్నా సయిస్తలేదు. పాకం మంచిగ పట్టించి తీస్కరా. గరిజెల డబ్బాల అడుగున పెట్టి, మీద గరిజెలు పరువు. మా అత్తమ్మ పైన సూసి ఊకుంటది. నేను అలమార్ల పెట్టుకోని తింట."

ఆ రోజే దుకాణంలో సెలవు అడిగి కోదాడ బస్సెక్కాను. మునగాల దాటేదాకా ఆ మాటను చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ మళ్ళీ విన్నాను. ఎన్నాళ్ళకో మా అక్క నాతో మా అక్కలా మాట్లాడింది. ఇంటికి పోయి అమ్మకు వినిపిస్తే కళ్ళు తుడుచుకుంది. పెళ్ళయిన దగ్గర్నుంచి అక్క నోరు తెరిచి ఏదీ అడగలేదు. ఇప్పుడు అడిగింది. ఇక అమ్మకు ఎక్కడ లేని ధైర్యం వచ్చింది. "రేపు పోయినప్పుడే కాన్పు ముచ్చట గూడ తెగ్గొట్టుకోని వద్దం. ఆమె కాళ్ళు మొక్కైన పంపియ్యమంట" అంది.

మర్నాడు ఆదివారం. తెల్లారగానే పోయి తొడ ముక్క, తోలుతో సహా, నా ముందే కోయించుకుని తెచ్చాను. బత్తాయిలు కొంచెం పచ్చిగా ఉన్నవే ఏరుకున్నాను. ఆ రోజు నేను తొందరపడలేదు. పూశాను, ఆగాను, మళ్ళీ పూశాను. అమ్మ కొబ్బరి, బెల్లం కూరి గరిజెలు ఒత్తుతూ మధ్యమధ్యలో వచ్చి మూకుడులోకి తొంగి చూసి పోయేది. దించాక ముక్కలు కోసి, స్టీలు డబ్బా అడుగున సర్ది, అరిటాకు కప్పి, దాని మీద గరిజెలు పరిచాం. చూడడానికి అది అచ్చంగా గరిజెల డబ్బానే.

ఇక్కడే మా కొంప మునిగింది. దారిన మాంసం పట్టుకుపోతుంటే, అందులోనూ కడుపుతో ఉన్న మనిషికి తీసుకుపోతుంటే, గాలీ ధూళీ వెంట రాకుండా పైన ఒక బొగ్గు ముక్క, ఒక ఎండు మిరపకాయ వేసి మూత పెట్టడం మా వైపు అందరూ చేసేదే. గరిజెలు పరిచాక అమ్మ వాటి మీద బొగ్గు ముక్క, మిరపకాయ పెట్టింది. నేను పక్కనే ఉన్నాను. చూశాను. నాకు ఏ తేడా కనిపించలేదు. ఇద్దరం కలిసి మూత బిగించి, సంచిలో పెట్టుకుని హుజూర్‌నగర్ మీదుగా పోయే బస్సెక్కాం. కిందపెడితే ఎవరి కాలైనా తగులుతుందని అమ్మ ఆ సంచిని దారి పొడుగునా ఒళ్ళోనే పెట్టుకుంది.

అక్క నిండుగా ఉంది. గుమ్మంలోనే అమ్మను పట్టుకుంది, నా చేతిలోంచి సంచి తీసుకుంటూ చిటికెడంత నవ్వింది. అత్తగారు మంచినీళ్ళు ఇచ్చి, కూర్చోబెట్టి, ప్రయాణం ఎలా జరిగిందని అడిగింది. పుట్టింటి నుంచి తీపి వచ్చిందంటే చుట్టుపక్కల ఇళ్ళకు పంచాలి కదా, ఆమె సంచి కోసం చేయి చాపింది.

"రేపు పంచుదం అత్తమ్మా. నాకే తినాలనిపిస్తుంది" అంది అక్క.

"నువ్వు తినంగ మిగిలినయే పంచుదం తియ్యే" అని నవ్వుతూ ఆమె డబ్బా తీసి మూత విప్పింది. విప్పిన మూత చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"తీపి మీద బొగ్గు పెట్టిన్రేంది వదినె" అని మా అమ్మను అడిగింది.

 బొగ్గు ఎందుకు పెడతారో అత్తగారికి తెలియక కాదు. వాళ్ళు కోడి కూర ఎవరికైనా పంపినా అలాగే పెడతారు. గరిజెలు ఒకటీ రెండూ పక్కకు జరిపింది. అరిటాకు అంచు ఎత్తింది. వాసన గదంతా లేచింది. మేక మాంసమని బుకాయించడానికి కూడా లేదు, ఆ తోలు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఆమె ఆకును మళ్ళీ కప్పేసి, చేతులు చీరకు తుడుచుకుంది. గొంతు మాత్రం పెంచలేదు.

"మీరు తింటరని మాకు తెల్వంది కాదు వదినె. దాసిపెట్టి తెచ్చుడెందుకు? చెప్తే దొడ్లె కూసోని తినుమందును గద."

ఆ మాటలోనూ ఒక ముల్లు ఉంది, కాదనను. కానీ తినొద్దని ఆమె అనలేదు. అక్కడ అక్క తల ఊపితే చాలు. నేనే అడిగాను అత్తమ్మా అని ఒక్క మాట అంటే చాలు, పని అయిపోయేది. నేను అక్క మొహం వైపే చూస్తున్నాను. అమ్మ కూడా చూస్తోంది.

"నేను అడగలే అత్తమ్మా" అంది అక్క. "నాకు ఆ వాసనే పడదు. సిన్నప్పటి సంది ముట్టను. వీళ్ళకు ఎన్నిసార్లు చెప్పినా ఇనరు."

వీళ్ళు. నేనూ మా అమ్మా వీళ్ళమైపోయాం. తోటలో పొయ్యి ముందు కూర్చుని నా చేతి మీద కొట్టిన మనిషి, నాయన గిన్నె దగ్గరికి జరుపుకుంటే కడుపు నిండినట్టు మురిసిపోయిన మనిషి, చిన్నప్పటి నుంచి ముట్టలేదట.  ఆమె గొంతు నా ఫోన్‌లోనే ఉంది, ఒక్కసారి వేలు నొక్కితే ఇల్లంతా వినబడుతుంది. ఫోన్ తీశాను కూడా. అమ్మ నా మణికట్టు పట్టుకుని నొక్కింది. పత్తి ఏరిన చేయి, గట్టిది.

"పిల్ల అడగలే వదినె" అంది అమ్మ. "నేనే తెచ్చిన. నాకే బుద్ధి లేదు."

అత్తగారు మంచిదే, పోనీలెమ్మంది. మూత పెట్టి, డబ్బా మళ్ళీ సంచిలో సర్ది అమ్మ పక్కన పెట్టింది. టీ పెడతానంది. అంత జరిగాక కూడా అమ్మ వచ్చిన పని మర్చిపోలేదు. కుర్చీలోంచి ముందుకు జరిగి, చేతులు రెండూ కలిపి, బిడ్డను కాన్పుకు పంపమని, కంటికి రెప్పలా చూసుకుంటామని అడిగింది. ఈ బొగ్గు సంగతి మనసులో పెట్టుకోవద్దని కూడా అంది.

అత్తగారు ఆశ్చర్యంగా చూసింది. "మేమెప్పుడు వద్దన్నం వదినె? మొదటి కాన్పు తల్లిగారింట్లనే అని మేమే అన్నం. ఐదో నెల కాడి నుంచి చెప్తనే ఉన్న. నీ బిడ్డనే రానంటది. నువ్వే అడుగు."

అమ్మ అక్క వైపు తిరిగింది. అక్క కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ నేల చూస్తోంది. అది అబద్ధమని అంటుందేమో అని నేను ఇంకా ఎదురుచూశాను. నా పిచ్చి గాని, ఏమంటుంది? మాంసం అడగలేదన్నది చిన్న అబద్ధం, ఏదో భయపడి అన్నదని ఎలాగో దిగమింగుకునేదాన్ని. ఇది అలా కాదు. నెలల తరబడి ఫోన్‌లో మా అమ్మను మోసం చేసింది. అమ్మ సున్నం వేయిస్తుంటే, నులక మార్పిస్తుంటే, ఆ కబుర్లన్నీ విని ఊ కొట్టింది.

టీ తాగకుండానే లేచాం. బస్టాండు వైపు రోడ్డు దాకా దించి వస్తానని అక్క మా వెంట బయటికి వచ్చింది. గేటు దాటి ప్రహరీ గోడ మలుపు తిరగగానే, ఇంట్లోంచి కనబడదని రూఢి చేసుకుని, అమ్మ చేతిలోని సంచి పట్టుకుంది.

"అమ్మా, ఒక్క ముక్క పెట్టు."

"పెట్టం" అన్నాను నేను. "సిన్నప్పటి సంది ముట్టవు గద. వాసన పడదు గద."

"నువ్వు ఆగు" అని అమ్మ గోడ వారగా కూర్చుని డబ్బా విప్పింది. గరిజెలు కొంగులో పోసుకుని, ఆకు తీసి, మెత్తటి ముక్క ఏరి అక్క నోట్లో పెట్టింది. అక్క తింది. ఇంకోటి తింది. తర్వాత తనే చేయి పెట్టి తీసుకుంది. బతిమాలి తెప్పించుకున్న తిండిని మా మొహం చూడకుండా, గేటు వైపు చూస్తూ తింది. ఆమెకు మా మొహం చూడాలనిపిస్తుందేమోనని చివరిదాకా చూశాను నేను.

"ఎందుకు రానన్నవే?" అని అడిగాను. "అమ్మకు ఎందుకట్ల చెప్పినవ్?"

అక్క నములుతూనే చెప్పింది. "కాన్పయితే వీళ్ళ చుట్టాలందరు సూడొస్తరే. కార్లేసుకోని వస్తరు. ఆ గల్లీల ఏడ పెడతరు? మన ఇల్లు సూస్తరు, చుట్టుపక్కలోళ్ళను సూస్తరు. రేపు నా బిడ్డకు అదే పేరు పెడతరు."

నాకు తిట్లు నోటిదాకా వచ్చాయి. అమ్మ మాత్రం ముక్క కోసం వెతుకుతున్న చేయి ఆపి, నిజంగానే ఆలోచించింది. మా అమ్మ మొహంలో కోపం ఏమైనా కనిపిస్తుందేమోనని చూశాను, లేదు. ఏదో దారి దొరికినట్టు తలెత్తింది.

"అట్లైతే కోదాడ టౌన్ల కిరాయికి మంచి ఇల్లు తీసుకుందం బిడ్డా. మూడు నెలలే గద. కారు వచ్చే రోడ్డు మీదనే సూస్త. ఇగ ఎవ్వరు ఏమనరు."

అక్క ఆఖరి ముక్క మింగింది. కోపంగా అనలేదు, వెటకారంగా కూడా అనలేదు. మందు బిళ్ళ ఎప్పుడు వేసుకోవాలో పేషెంటుకు చెప్పినట్టు చెప్పింది.

"ఇల్లు మారితే మీరు మారుతరా అమ్మా?"

ఆ మాట తర్వాత నేను ఆమెతో మాట్లాడలేదు. పాప పుట్టిన సంగతి బావ ఫోన్ చేసి చెప్పాడు, అమ్మ ఒక్కతే పోయి చూసి వచ్చింది. నేను పోలేదు. ఎందుకు పోలేదని చుట్టాలు అడుగుతారు, ఎంతైనా తోడబుట్టిందంటారు. నిజమే, అందుకే పోలేదు. పరాయిది ఎవరైనా మీరు మారుతరా అని అంటే అక్కడే దులిపేసి, బస్సెక్కేలోపు మర్చిపోయేదాన్ని.

కానీ ఆ గోడ పక్కన అక్క మీద కంటే అమ్మ మీద నాకు ఎక్కువ కోపం వచ్చింది. ఆ మాట విన్నాక అమ్మ ఏడుస్తుందనుకున్నాను, కనీసం లేచి నడుస్తుందనుకున్నాను. ఆమె సంచిలోంచి నీళ్ళ సీసా తీసింది. అక్క చేయి పట్టుకుని, వేళ్ళ సందుల్లో అంటిన పాకం పోయేలా రుద్ది రుద్ది కడిగింది. కొంగు తడిపి మూతి తుడిచింది. ఆ వేళ్ళను తన ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, సరిపోలేదని మళ్ళీ నీళ్ళు పోసింది. సీసా ఖాళీ అయ్యాక ఇంకోసారి వాసన చూసి అంది:

"ఇగ వస్తలేదు. పో బిడ్డా, మీ అత్తమ్మ సూస్తది."